చిక్కుప్రశ్నల గ్రామము

గత వేసవి సెలవులలో నాకు కలిగిన యొక చిన్న యనుభవమును, మన పాఠశాల వార్షిక సంచిక చదువు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, నా తోడి యుపాధ్యాయులకును నివేదింప సాహసించుచున్నాను. విషయము ఒక ఆటను గూర్చినది. "ఇరువది రెండేండ్లుగా లెక్కలు చెప్పుచున్న మాస్టరుగారికి ఆటల గొడవ యేల?" యని కొందరు నవ్వవచ్చును. నవ్విన నష్టము లేదు. కాని తుదివరకు చదివిన పిమ్మట నవ్వుడని మాత్రము వేడుకొనుచున్నాను.

మా అక్క కువైటులో నర్సుగా పనిచేయుచున్నది. ఆమె కుమారుడు మా యింటనే యుండి, మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. ఏప్రిల్ నెలలో ఆమె సెలవుపై వచ్చినపుడు వానికొక ఆటయంత్రమును తెచ్చి యిచ్చెను. అచ్చట ఆమెతో పనిచేయు నొక స్నేహితురాలి పిల్లలు పెద్దవారై విడిచిపెట్టిన వస్తువట. అది నింటెండో యను జపాను సంస్థవారు 2004వ సంవత్సరమున విడుదల చేసిన డి.ఎస్. అను యంత్రము. అరచేతిలో నిముడును, చిన్న పెట్టెవలె తెరచుకొనును, మీదొకటి, క్రిందొకటి రెండు తెరలుండును. క్రింది తెరను చిన్న పుల్లవంటి కలముతో తాకి యాడవలెను. సెల్‌ఫోనులు నిండిన యీ దినములలో అది పాతవస్తువే. అయినను మావాడు దానిని దిండు క్రింద దాచుకొని నిద్రపోవుచుండెను.

వార్షిక పరీక్షలో గణితమున నలువది మార్కులు తెచ్చుకొన్న వానికి ఆటయంత్ర మేమిటని నేనొకనాడు దానిని లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. వాడు ఏడ్వలేదు, కోపపడలేదు. సాయంకాలము నా కుర్చీ ప్రక్కకు వచ్చి నిలుచుండి, "మామయ్యా, అది తుపాకుల ఆట కాదండి. అందులో అన్నీ లెక్కలూ పొడుపుకథలేనండి. ఒక్కటంటే ఒక్కటి మీరు చేసి చూడండి. చెయ్యగలిగితే బీరువాలోనే ఉంచెయ్యండి" అనెను. ఉపాధ్యాయునికి ఇంతకంటె వలవేయు మాట వేరొకటి లేదు. తాళము తీసితిని.

ఆ యాట పేరు "ప్రొఫెసర్ లేటన్ అండ్ ది క్యూరియస్ విలేజ్". జపాను దేశమందలి ఫుకువోకా నగరములోని లెవెల్-5 అను సంస్థవారు దానిని నిర్మించి 2007లో తమ దేశమునను, 2008లో అమెరికా యూరపులందును వెలువరించిరి. అందలి చిక్కుప్రశ్నలను కూర్చి పర్యవేక్షించినవాడు అకిరా తాగో యను మనశ్శాస్త్ర పండితుడు. ఆయన చిబా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. "తలకు వ్యాయామము" అను నర్థముగల పేరుతో 1966 మొదలు వరుసగా వెలువరించిన చిక్కుప్రశ్నల పుస్తకములకు ఆ దేశమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. 2016లో గతించెను.

ఇక కథ. లండను నగరమున పురాతత్త్వాచార్యుడైన లేటను, తన శిష్యుడగు లూకు అను బాలునితో మోటారుకారులో సెయింట్ మిస్టీర్ అను నొక మారుమూల గ్రామమునకు పోవును. ఆ గ్రామపు ధనికుడైన బ్యారను మరణించుచు నొక వీలునామా వ్రాసి యుంచెను. గ్రామమున ఎచ్చటనో దాగియున్న "బంగారు ఆపిలు"ను కనుగొన్నవారికే తన యాస్తి యంతయు చెందునని దాని సారము. ఆయన భార్య యాచార్యుని సహాయము కోరును. ఊరిలో నెవ్వరును పోజాలని యొక ఎత్తైన గోపురము. రాత్రులందు వింత చప్పుళ్లు. ఉన్నట్టుండి మాయమగు మనుష్యులు. ఇన్నిటినడుమ ఆ యూరి జనులకొక విచిత్రమైన యలవాటు కలదు. ఎవరిని పలుకరించినను, దారి యడిగినను, ముందొక చిక్కుప్రశ్న వేయుదురు. దానిని విప్పినగాని మాట ముందునకు సాగదు. ఇట్టి ప్రశ్నలు 120కి పైగా నున్నవి.

నాకు మొదట ఎదురైన వానిలో నొకటి యిది. ఒక గదిలో పది క్రొవ్వొత్తులు వెలుగుచున్నవి. కిటికీలోనుండి గాలి వీచి రెండింటిని ఆర్పెను. కొంతసేపటికి మరియొకటి ఆరెను. అంతట కిటికీ మూసివేసిరి. పిమ్మట నేదియు గాలికి ఆరలేదు. తుదకెన్ని క్రొవ్వొత్తులు మిగులును?

నేను నవ్వుకొని "ఏడు" అని వ్రాసితిని. తప్పనెను. సరే, మాటలలో మెలిక యున్నదని తలచి, ఆరినవి మాత్రమెక్కడికి పోవునని "పది" అని వ్రాసితిని. అదియు తప్పనెను. మావాడు గోడవైపు తిరిగి నవ్వాపుకొనుచుండెను. చివరకు వాడే చెప్పెను: వెలుగుచున్న యేడును కరగి కాలిపోవును, ఆరిన మూడే మిగులును. నా చెవులు వేడెక్కెను. పదిలోనుండి మూడు తీసివేయుట నేను ఆరవతరగతివారికి చెప్పు లెక్క కాదు, రెండవతరగతి లెక్క. కాని "మిగులుట" యను మాటకు అర్థమేమని నేను నన్నడుగలేదు.

ఆనాటి నుండి రాత్రి భోజనమైన పిమ్మట మే మిరువురమును ఆ గ్రామమున తిరుగుచు వచ్చితిమి. సుమారు మూడు వారములు పట్టెను. ఈ ఆటయందలి యాకర్షణ మేమని నేను విచారించుకొనగా నాకు మూడు సంగతులు తోచినవి.

మొదటిది, ప్రశ్నకు కథ తోడగుట. ఇది క్రొత్త సంగతి కాదు. మన తాతలు చల్దివేళ పొడుపుకథ పొడిచి విడుపు రాబట్టినపుడు పాఠము చెప్పుచున్నామని చెప్పలేదు. భాస్కరాచార్యుడు 1150లో లీలావతీ గణితమును రచించినపుడు భిన్నములను తుమ్మెదల గుంపులుగా పూలపై వ్రాల్చెను. మన పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మన పిల్లలందరెరిగిన పులి, మేక, గడ్డిమోపుల యేరుదాటు చిక్కునకు తోబుట్టువైన తోడేలు, మేక, క్యాబేజీల చిక్కు, ఎనిమిదవ శతాబ్దమున యార్కు నగరపు పాఠశాలలో చదువు చెప్పి, పిదప షార్లెమేను చక్రవర్తి యాస్థానమున గురువైన ఆల్కుయిను కూర్చెనని చెప్పబడు సంపుటమున నున్నది. చిన్నవారి బుద్ధికి పదును పెట్టుటకని దానికి పేరు. అట్టి యేరుదాటు చిక్కే యీ యాటలో తోడేళ్లును కోడిపిల్లలును తెప్పపై నేరు దాటుటగా వచ్చినది. వేయియేండ్ల పైబడి ఒక ప్రశ్న దేశములు దాటి, భాషలు మారి, మా యింటి వసారాలో మావాని చేతిలోనికి వచ్చుట చూచి నాకు సంతోషము కలిగెను.

రెండవది, తప్పునకు విధింపబడు దండనము స్వల్పమగుట. ప్రతి ప్రశ్నకును "పికరాట్"లను కొన్ని మార్కులు కలవు. ఒకసారి తప్పినచో కొన్ని తగ్గును. రెండవసారి తప్పినచో మరికొన్ని తగ్గును. అటుపిమ్మట ఎన్నిసార్లు తప్పినను తగ్గవు. తప్పు చెప్పినవానిని ఎవ్వరును చూడరు, ఎవ్వరును నవ్వరు. విడువలేక వచ్చిన ప్రశ్నలు కూడ పోగొట్టుకొన్నట్లు కాదు. ఒక ముసలమ్మ తన గుడిసెలో వానిని పోగుచేసి యుంచును. తీరికవేళ పోయి యడిగిన నిచ్చును.

మూడవది, సూచన లిచ్చు పద్ధతి. ప్రతి ప్రశ్నకును మూడు సూచనలు కలవు. మొదటిది దిక్కు చూపును. రెండవది దారి చూపును. మూడవది గుమ్మమువరకు తీసికొనిపోయి విడుచును. లోపలికి మాత్రము మనమే పోవలెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మా గురువులు మాకు నేర్పినదియు నిదియే. నేర్చుకొని వచ్చి, నలువదియైదు నిమిషముల పీరియడులో, పాఠ్యభాగము పూర్తికావలెనను తొందరలో, మొదటి సూచన యియ్యకయే జవాబు బోర్డుమీద వ్రాసివైచిన దినములు నాకెన్నియో కలవు.

ఇక లోపములు. పొగడుట సులభము, తూచుట ధర్మము.

ప్రధానమైన లోపము, కథయు ప్రశ్నలును చాలచోట్ల కలిసి మెలగకుండుట. గ్రామప్రవేశమున వంతెన దించు పిడికి సంబంధించిన ప్రశ్న కలదు. అది కథలో పుట్టిన ప్రశ్న. విప్పినంతనే వంతెన దిగును. మనమును లోపలికి పోవుదుము. ఇట్టివి కొన్నియే. తక్కినవానిని ఒకని నోటినుండి తీసి మరియొకని నోట పెట్టినను భేదము లేదు. ఒకడు మాయమైనాడని వెదకుచు పోవుచుండగా త్రోవలో నొకడు నిలిపి అగ్గిపుల్లల చిక్కు నిచ్చును. మన భేతాళ కథలలో నట్లు కాదు. అచ్చట కథ నడచి నడచి తానే ప్రశ్నయగును. కథ విననివాడు ప్రశ్నను అడుగనేలేడు. రాజు జవాబు చెప్పిన శవము మరల చెట్టెక్కును, తెలిసియు చెప్పకున్న తల పగులును. ప్రశ్నకు అంతటి వెల యున్నది. ఈ గ్రామమున ప్రశ్నకు వెల పికరాట్‌లే.

రెండవ లోపము, సూచనలను అమ్ముట. ఒక్కొక్క సూచనకు నొక్కొక్క నాణెము చెల్లింపవలెను. ఆ నాణెములు ఊరి గోడలందును, పూలకుండీలందును, పొగగొట్టములందును దాగియుండును. కావున బాలుడు కథ విడిచి కనబడిన ప్రతి గోడను తడవుచు పోవును. ఇది బుద్ధికి పని కాదు, వ్రేలికి పని. నాణెములున్నవానికి సాయము, లేనివానికి లేదు అను నీతియు నాకు నచ్చలేదు. అంతకంటె నింకొక సంగతి. మావాడు కష్టమైన ప్రశ్నకు ముందు ఆటను భద్రపరచి, మూడు నాణెములు చెల్లించి సూచనలు చదివి, యంత్రము నార్పి, మరల వెలిగించును. నాణెములు చెల్లింపనట్లే యుండును. సూచనలు మాత్రము వాని తలలో నుండును. "ఇది దొంగతనము కాదా?" యంటిని. "యంత్రానికేమీ తెలియదు కదండీ" అనెను. యంత్రమునకు తెలియదు, నిజమే. తెలియవలసినవాడు వేరొకడు కలడు, వాడు నీవే యని చెప్పితిని. ఆ రాత్రి వాడు నాతో మాటలాడలేదు. మరునాడు నాణెములు తక్కువైన యంత్రమును తెచ్చి చూపెను.

మూడవ లోపము, భాష. ప్రశ్నలలో కొన్ని లెక్కలు కావు. ఇంగ్లీషు మాటల మెలికలు. తెలుగు మీడియములో చదువు బాలుడు తెలివి లేక కాదు, ఆ మాట తెలియక తప్పును. తనకు తెలివి లేదని మాత్రము తలంచును. సమ్సోను తేనెను గూర్చి వేసిన పొడుపుకథ కూడ నిట్టిదే కదా. సింహపు కళేబరమున తాను మాత్రమే చూచినదానిని విందునకు వచ్చినవారు చెప్పవలెననెను. చూడనివాడు ఎట్లు విప్పును? అడుగువానికొక్కనికే తెలిసిన సంగతిపై నాధారపడిన ప్రశ్న బుద్ధికి పరీక్ష కాజాలదు.

తక్కిన లోపములు చిన్నవి. ఈ మొదటి యాటలో ప్రశ్నపై గీసికొని చూచుకొనుటకు చోటు లేదు. తరువాతి యాటలలో కల్పించిరి. నాకు మాత్రమిది మేలే చేసెను, మావాడు పాత నోటుపుస్తకమును, పెన్సిలును తెచ్చుకొనవలసి వచ్చెను కనుక. పెట్టెలను అటునిటు జరుపు చిక్కులు విసుగు పుట్టించును. ఒకసారి విప్పిన ప్రశ్నలో రెండవసారికి రుచి లేదు.

జూన్ నెలలో పాఠశాల తెరచిరి. ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను.

నా పదవ తరగతిలో నొక బాలుడు కలడు. పేరు చెప్పను. క్రిందటి సంవత్సరము భిన్నముల లెక్కయొకటి బోర్డుపై తప్పుగా చేసినందుకు నేనతనిని, "నీ మెడమీదిది తలయా, కొబ్బరికాయయా?" యంటిని. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. ఆనాటినుండి ఆ బాలుడు చేయి యెత్తలేదు. ఆ సంగతి నేను గమనించితిని. గమనించియు, అతనికి శ్రద్ధ లేదని రిజిస్టరులో వ్రాసికొంటిని.

జూన్ నెల మూడవ వారమున నేను క్రొవ్వొత్తుల ప్రశ్నను బోర్డుపై వ్రాసి, నలువదియారుగురకును చీటీలు పంచితిని. పేరు వ్రాయనక్కరలేదు, మనసు మారినచో కొట్టివైచి మరల వ్రాయవచ్చునని చెప్పితిని. చీటీలు విప్పి చూడగా చాలవానియందు "7" అని యుండెను. కొన్నిటియందు "10". ఒక్క చీటీయందు మాత్రము "3" అని వ్రాసి, దానిని కొట్టివైచి, ప్రక్కన "7" అని వ్రాసియుండెను. ఆ వ్రాత నాకు తెలిసినదే.

సాయంకాలము గంట కొట్టిన పిమ్మట అతనిని పిలిచితిని. భయపడుచు వచ్చెను. ముందు మూడని యేల వ్రాసితివని యడిగితిని. "కరెంటు పోయినప్పుడు మా అమ్మ అన్నం తినేవరకే కొవ్వొత్తి ఉంచి ఆర్పేస్తుందండి. ఆర్పిన ముక్కే రేపటికి మిగులుతుందండి. వెలిగేది మిగలదు కదండీ" అనెను. మరి కొట్టివైచితివేమి? "పక్కవాళ్లందరూ ఏడు వేశారండి. నాదే తప్పనుకొన్నానండి."

నేను కొంతసేపు మాటలాడలేకపోయితిని. శిక్షణ పొందిన యుపాధ్యాయుడనైన నాకును, పుస్తకము లెక్కలన్నియు చేసిన మంచి విద్యార్థులకును తోచని జవాబు, ఒక క్రొవ్వొత్తిని మూడు రాత్రులకు సరిపుచ్చు నింటిలోని బాలునికి వెంటనే తోచెను. తోచినదానిని తన చేతితో తానే కొట్టివైచెను. ఆ చేతికి కొట్టివేయుట నేర్పినది నేను.

మరునాడు తరగతిలో, నేనును మొదట ఏడే వ్రాసితినని, పిదప పది వ్రాసితినని చెప్పితిని. పిల్లలు నవ్విరి, ఈసారి నవ్వు న్యాయమైనదే. అతనిని లేపి కారణము చెప్పుమంటిని. చెప్పెను. పిమ్మట, క్రిందటి సంవత్సరము ఇదే పిల్లల యెదుట నేనతనినన్న మాట తప్పని, అది యనకూడనిదని, వారందరి యెదుటనే యొప్పుకొంటిని.

ఆ బాలుడు ఆ తరువాత తరగతిలో ప్రథముడయ్యెనని వ్రాసిన కథ బాగుండును గాని నిజము కాదు. త్రైమాసిక పరీక్షలో ముప్పదియెనిమిది మార్కులు తెచ్చుకొనెను. కాని యిప్పుడు చేయి యెత్తుచున్నాడు. పలుమార్లు తప్పే చెప్పుచున్నాడు. తప్పు చెప్పి కూర్చుండి, మరల చేయి యెత్తుచున్నాడు. నాకది చాలును.

ఆటలోని కథారహస్యమును బయటపెట్టుట మర్యాద కాదు. అయినను నా మాటకు అవసరమగుటచే చెప్పవలసి వచ్చినది. ఆడదలచినవారు ఈ యొక్క పేరా విడిచి చదువుడు. ఆ యూరి జనులలో నించుమించుగా నందరును మనుష్యులు కారు, మరబొమ్మలు. బ్యారను తన ఏకైక పుత్రికను, తన యాస్తిని కాపాడుటకై, తగిన బుద్ధిమంతుడు వచ్చువరకు వచ్చినవారినెల్ల పరీక్షించుటకై వానిని చేయించెను. అందుచేతనే వారు చూచిన ప్రతివానికిని ప్రశ్న వేయుదురు. బంగారు ఆపిలనగా ఆ కుమార్తెయే. ఆమె భుజముపై ఆపిలు ఆకారము గల మచ్చ యొకటి కలదు. ఇది తెలిసినపుడు మావాడు ఆశ్చర్యముతో కేక వేసెను. నేను మాత్రము నిశ్శబ్దముగా కూర్చుంటిని. జవాబు ముందే తెలిసియుండి, ఎదుటివాని ముఖము చూడక, రోజంతయు ప్రశ్నలు వేయుచు, ఒప్పో తప్పో చెప్పి మరియొకనివైపు తిరుగునది మరబొమ్మ. ఆ లెక్కను నే నిరువది రెండేండ్లలో నెన్ని దినములు మరబొమ్మనై యుంటినో నాకే తెలియదు. ఆస్తి యంతయు బంగారమున నున్నదని జనులు వెదకుచుండగా, వెదకవలసినది బిడ్డయని ఆ కథ చెప్పుచున్నది. ఉపాధ్యాయునికి ఇంతకంటె వేరే ఉపదేశ మక్కరలేదు.

తలిదండ్రులకొక మనవి. పిల్లవాని చేతిలోని యంత్రమును లాగుకొనుటకు ముందు, వాని ప్రక్కన నొక గంట కూర్చుండి చూడుడు. పిమ్మట లాగుకొనవలసినదే యైన లాగుకొనుడు. విద్యార్థులకొక మాట. సూచన యడుగుట తప్పు కాదు, దొంగిలించుట తప్పు. మీ తరగతిగదిలో సూచనకు నాణెము చెల్లింపనక్కరలేదు. చేయి యెత్తిన చాలును. మొదట మీకు తోచిన జవాబును, ప్రక్కవాడు వేరు వ్రాసెనని మాత్రము కొట్టివేయకుడు.

ఆ యంత్రము ఇప్పుడు బీరువాలో లేదు. మా వసారాలో, పాత నోటుపుస్తకమునకు పెన్సిలునకు నడుమ నున్నది.